పెళ్ళి ఫోల్డర్ డిలీట్ కావట్లేదా? ఫార్మాట్ చేయించే ముందు ఇది చదవండి

ప్రశ్న: సర్, మాది తెనాలి. మా ఆయన పెళ్ళి వీడియోలు, ఫొటోలు తీస్తారు. ఎడిటింగ్ నేను చేస్తాను. విండోస్ 10 కంప్యూటర్, డీ డ్రైవ్ 2 టీబీ హార్డ్ డిస్క్. పార్టీకి ఆల్బమ్, వీడియో ఇచ్చేశాక ఆ ఫోల్డర్ తీసేస్తేనే కొత్త పెళ్ళికి చోటు ఉంటుంది. మూడు నెలలుగా ఈ డిలీట్ దగ్గరే గొడవ. ఒకసారి టక్కున పోతుంది. ఒకసారి ‘ఫైల్ వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి ఉంది’ అంటుంది, అప్పటికి నేను అన్నీ మూసేసే ఉంటాను. రెండు మూడుసార్లు ‘కామ్ సరోగేట్’ అనే పేరు చూపించింది. అరగంట ఆగి చూస్తే అదే ఫైలు మామూలుగా పోతుంది. రాత్రి షట్‌డౌన్ చేసి పొద్దున ఆన్ చేసినా పోని ఫోల్డర్, రీస్టార్ట్ కొడితే పోయింది. ఆల్బమ్ డిజైన్ చేసే అబ్బాయి పక్క గదిలో ఇంకో కంప్యూటర్ మీద ఇవే ఫోల్డర్లు వాడతాడు. అతనే నెట్ నుంచి ఏదో అన్‌లాకర్ తెచ్చి వేశాడు. దానితో ఫైలు పోయింది కానీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కూడా ఆగిపోయి ఆ పూట పనంతా పోయింది. సర్వీసు షాపులో వైరస్ అన్నారు, మొత్తం ఫార్మాట్ చేయాలన్నారు. డిస్కులో ఇంకా డెలివరీ కాని నాలుగు పెళ్ళిళ్ళు ఉన్నాయి. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ నాలుగు పెళ్ళిళ్ళనీ ఇంకో డిస్కులోకి కాపీ చేసుకోండి. మిగతా ఉత్తరం ఆ కాపీ నడుస్తుండగా చదవచ్చు. తాళి కట్టే క్షణాన్ని ఎవరూ రెండోసారి తీయలేరు. కంప్యూటర్‌కి ఏమైనా సరే, ఆ ఫుటేజ్ రెండు చోట్ల ఉంటే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది. ఫార్మాట్ మాట ఇప్పటికి పక్కన పెట్టండి. మీరు రాసిన లక్షణాలు చూస్తే దాని అవసరం వస్తుందని నాకు అనిపించడం లేదు.

ఎందుకంటే మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాట ‘అరగంట ఆగి చూస్తే మామూలుగా పోతుంది’ అన్నది. ఫైలే పాడైతే, పర్మిషన్ లేకపోతే, పేరులో తేడా ఉంటే అది ఉదయమూ పోదు, సాయంత్రమూ పోదు. కాసేపటికి దానంతట అదే పోయిందంటే, ఆ కాసేపూ ఎవరో దాన్ని పట్టుకున్నారు, తర్వాత వదిలారు. ఎవరు పట్టుకున్నారో తెలిస్తే చాలు, పని దాదాపు అయిపోయినట్టే.

పెళ్ళి భోజనాల దగ్గర మీరూ చూసే ఉంటారు. చివరి పంక్తి ఇంకా నడుస్తుండగానే సప్లయర్స్ కుర్రాళ్ళు గిన్నెలు సర్దుకోవడానికి వచ్చేస్తారు. ఖాళీ గంగాళం కనిపిస్తే ఎత్తి ఆటోలో పెట్టేస్తారు. వడ్డిస్తున్న మనిషి చేతిలో సాంబారు బకెట్ ఉంటే మాత్రం ఆగాల్సిందే. విండోస్ పద్ధతి అదే. ఏ ప్రోగ్రామైనా ఒక ఫైలు తెరిచేటప్పుడు ‘నేను వాడుతున్నంతసేపు ఇతరులు దీన్ని చదవచ్చా, రాయచ్చా, తీసేయచ్చా’ అన్నది విండోస్‌కి చెబుతుంది. తీసేయడానికి ఒప్పుకోకుండా తెరిచిందంటే, అది మూసేదాకా మీరు ఎన్నిసార్లు డిలీట్ కొట్టినా అదే మెసేజ్ వస్తుంది. విండోస్‌కి బదులు కొందరు వాడే లినక్స్‌లో ఈ పద్ధతి వేరు. అక్కడ తెరిచి ఉన్న ఫైలు పేరు కూడా వెంటనే తీసేస్తారు, లోపలి డేటా మాత్రం చివరి ప్రోగ్రామ్ వదిలేదాకా ఉంటుంది.

ఇది ఒకసారి మీ చేత్తో చేసి చూడండి, రెండు నిమిషాల పని. నోట్‌ప్యాడ్‌లో నాలుగు మాటలు రాసి డెస్క్‌టాప్ మీద సేవ్ చేయండి. ఆ కిటికీ మూయకుండానే ఫైలు డిలీట్ కొట్టండి. పోతుంది. ఇప్పుడు వర్డ్‌లో అలాగే ఒక ఫైలు చేసి, తెరిచి ఉంచి డిలీట్ కొట్టండి. వర్డ్‌లో తెరిచి ఉందని చెప్పి ఆపేస్తుంది. తేడా ఏమిటంటే నోట్‌ప్యాడ్ ఫైలు చదువుకుని వెంటనే వదిలేస్తుంది, వర్డ్ పట్టుకునే ఉంటుంది. కాబట్టి తెర మీద కిటికీ కనిపిస్తోందా లేదా అన్నది లెక్క కాదు. కిటికీ ఉన్నా ఫైలు విడిగా ఉండచ్చు. ఏ కిటికీ లేకున్నా వెనక ఎవరో పట్టుకుని ఉండచ్చు. ‘నేను అన్నీ మూసేసే ఉంటాను’ అని మీరు రాసింది నూటికి నూరుపాళ్ళూ నిజమే. ఫైలును పట్టుకున్నది మీరు తెరిచిన ప్రోగ్రామ్ కాదు, అంతే.

మీ కేసులో నాకు మొదటి అనుమానం ఆ కామ్ సరోగేట్ మీదే. పేరు భయపెట్టేలా ఉంది కానీ అది వైరస్ కాదు, విండోస్‌లో భాగమే. మీరు ఫోల్డర్ తెరవగానే ఒక్కో వీడియోకి చిన్న బొమ్మ కనిపిస్తుంది కదా, ఆ థంబ్‌నెయిల్ గీయాలంటే ఎవరో ఒకరు వీడియో తెరిచి లోపల ఒక ఫ్రేము చదవాలి. విండోస్ ఆ పని కామ్ సరోగేట్ అనే వేరే ప్రోగ్రామ్‌కి అప్పగిస్తుంది. వీడియో ఏదైనా తేడాగా ఉండి ఈ పని కుప్పకూలినా, ఫోల్డర్లు చూపించే ఎక్స్‌ప్లోరర్ మొత్తం కూలకుండా ఉండటానికి చేసిన ఏర్పాటు ఇది. నాలుగు వందల క్లిప్పులున్న పెళ్ళి ఫోల్డర్ తెరిస్తే అది ఒక్కో క్లిప్పూ తెరుస్తూ మూస్తూ పోతుంది. మీరు డిలీట్ కొట్టిన క్షణంలో దాని చేతిలో ఏ క్లిప్పు ఉంటే అది పోదు, మిగతావి పోతాయి. ఒకసారి పోవడం, ఒకసారి పోకపోవడం అందుకే. ఫైళ్ళు బాగానే ఉన్నాయి, మీరు కొట్టే సమయం మారుతోంది. విడిగా వేసుకున్న కోడెక్ ప్యాక్ (రకరకాల వీడియోలు ఆడటానికి వేసుకునే సాఫ్ట్‌వేర్) ఏదైనా సరిగా పని చేయకపోతే, బొమ్మ గీశాక కూడా ఫైలు వదలకుండా కూర్చుంటుంది. మీలాంటి వీడియో ఎడిటింగ్ సిస్టమ్స్‌లో పాత కోడెక్ ప్యాక్‌లు ఒకదాని మీద ఒకటి ఉండటం నేను చాలాసార్లు చూశాను. ఏవేం ఉన్నాయో ఒకసారి చూసి, వాడనివి తీసేయండి.

దీన్ని పరీక్షించడం సులువు. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ ట్యాబ్‌కి వెళ్ళి ప్రివ్యూ పేన్, డీటెయిల్స్ పేన్ రెండూ ఆపండి. అక్కడే ఆప్షన్స్ తెరిచి, అందులోని వ్యూ ట్యాబ్‌లో ‘ఆల్వేస్ షో ఐకాన్స్, నెవర్ థంబ్‌నెయిల్స్’ అన్న గడికి టిక్ పెట్టండి. ఎక్స్‌ప్లోరర్ కిటికీలన్నీ మూసి, రీస్టార్ట్ కొట్టండి. తర్వాత వారం రోజులు మామూలుగా పని చేసుకుంటూ డిలీట్ చేసి చూడండి. బొమ్మలు కనపడకపోతే క్లిప్పులు వెతుక్కోవడం కష్టమని తెలుసు. వారం తర్వాత టిక్ తీసేయచ్చు. ఇక మీదట పాత ఫోల్డర్ తీసేయాలంటే లోపలికి వెళ్ళకండి. బయట నుంచి, లిస్ట్ వ్యూలో ఫోల్డర్ పేరు మీదే డిలీట్ కొట్టండి. లోపలికి వెళ్ళి అన్నీ సెలెక్ట్ చేసి కొట్టడమంటే, పోయే ముందు వాటన్నిటినీ ఒకసారి తెరిపించినట్టే.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సంగతీ చూడండి. ఎడియస్ అయినా ప్రీమియర్ అయినా, ప్రాజెక్టులో క్లిప్ ఉన్నంతసేపు ఆ ఫైలుతో వాటికి పని ఉంటుంది. మీరు క్రాస్ గుర్తు నొక్కి మూసినా నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా చూపించే టాస్క్ మేనేజర్‌లో పేరు కాసేపు అలాగే ఉండిపోవడం మామూలే. వెనక రెండరింగ్ నడుస్తుంటే ఇంకా ఎక్కువసేపు. డిలీట్ కొట్టే ముందు టాస్క్ మేనేజర్ తెరిచి ఆ పేరు పోయిందో లేదో చూసే అలవాటు చేసుకోండి.

రెండో అనుమానం పక్క గది. ఇదెంత తికమక పెడుతుందో నేను స్వయంగా చూశాను. కొన్నేళ్ళ క్రితం ఒక డీటీపీ సెంటర్ ఆయన ఇదే సమస్యతో నన్ను పిలిచారు. మూడుసార్లు వెళ్ళాను. వెళ్ళిన మూడుసార్లూ ఫైళ్ళు చక్కగా డిలీట్ అయ్యాయి. నేను వచ్చేశాక మళ్ళీ అదే గొడవ. చివరికి ఒక పని చేయమన్నాను. డిలీట్ కానప్పుడల్లా గోడ మీది క్యాలెండర్ వెనక టైము రాయమన్నాను. వారానికి పదకొండుసార్లు రాశారు. పదకొండూ ఉదయం పదిన్నర తర్వాతే. నేను వెళ్ళింది ప్రతిసారీ తొమ్మిదింటికి, షాపు తీయగానే. పదిన్నరకి రెండో కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయి డ్యూటీకి వచ్చేది. ఆవిడ షేర్ చేసిన ఫోల్డర్ తెరిచి, దాన్ని అలాగే ఉంచి సాయంత్రం దాకా పని చేసుకునేది. అంతే సంగతి. ఆవిడ తప్పేమీ లేదు, ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

నెట్‌వర్క్‌లో ఫోల్డర్ తెరిస్తే రెండు రకాలుగా పట్టుబడుతుంది. డిజైన్ చేసే అబ్బాయి తెరిచిన ఫొటో ఒకటి. దానితోపాటు అతని విండోస్ ఆ ఫోల్డర్‌లో ‘థంబ్స్ డాట్ డీబీ’ అనే కనపడని ఫైలు తయారు చేసి పట్టుకోవడం ఇంకొకటి. అప్పుడు ఫొటోలన్నీ పోయినా ఖాళీ ఫోల్డర్ పోనంటుంది. ఇక మీ కంప్యూటర్‌లో ఎవరు పట్టుకున్నారని వెతికితే ‘సిస్టమ్’ అన్న పేరు చూపిస్తుంది, లేదా ఏదీ చూపించదు. ఎందుకంటే పక్క కంప్యూటర్ తరఫున ఫైలు తెరిచేది మీ విండోస్ లోపలి భాగమే. అలాంటప్పుడు స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి కంప్యూటర్ మేనేజ్‌మెంట్, అందులో షేర్డ్ ఫోల్డర్స్, అందులో ఓపెన్ ఫైల్స్ చూడండి. బయట నుంచి ఎవరు ఏ ఫైలు తెరిచారో పేరుతో సహా అక్కడ ఉంటుంది. అక్కడి నుంచే బలవంతంగా మూసేసే వీలూ ఉంది కానీ వద్దు. లేచి పక్క గదికి వెళ్ళి ‘బాబూ, ఆ ఫోల్డర్ మూసెయ్’ అనండి. అతను సేవ్ చేయని పేజీ ఏదైనా ఉంటే అది దక్కుతుంది.

రాత్రి షట్‌డౌన్ చేసినా పోనిది రీస్టార్ట్‌కి పోయిందని రాశారు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంది. షట్‌డౌన్ అన్నప్పుడు మీరు తెరిచిన ప్రోగ్రాములు మూసేస్తుంది కానీ, తన లోపలి భాగాన్ని, అంటే డ్రైవర్లు, వెనక నడిచే సర్వీసులను ఉన్నవి ఉన్నట్టు డిస్కు మీద దాచుకుని, పొద్దున అక్కడి నుంచే మొదలుపెడుతుంది. తొందరగా ఆన్ అవడానికి ఆ ఏర్పాటు. నిన్న రాత్రి ఏదైనా సర్వీసు చేతిలో ఫైలు ఉంటే పొద్దున కూడా దాని చేతిలోనే ఉండచ్చు. రీస్టార్ట్ అంటే మాత్రం పూర్తిగా మూసి, మొదటి నుంచి మొదలుపెట్టడం. పవర్ ఆప్షన్స్‌లో ‘టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్’ టిక్ తీసేస్తే షట్‌డౌన్ కూడా పూర్తి షట్‌డౌనే అవుతుంది.

ఇక పట్టుకున్నవారి పేరు కనుక్కునే పద్ధతి. ఇది మీరు నేర్చుకుంటే ఇంకెవరినీ అడగక్కర్లేదు. స్టార్ట్ నొక్కి రిసోర్స్ మానిటర్ అని వెతికి తెరవండి. సీపీయూ ట్యాబ్‌లో ‘అసోసియేటెడ్ హ్యాండిల్స్’ అని ఒక వరుస ఉంటుంది. దాని పక్క గడిలో డిలీట్ కాని ఫైలు పేరులో ఒక ముక్క టైప్ చేయండి. ఏ ప్రోగ్రామ్ దాన్ని పట్టుకుందో కింద వస్తుంది. హ్యాండిల్ అంటే మనం ఇందాక అనుకున్న బకెట్ పట్టుకున్న చెయ్యే. ఇంతకంటే వివరంగా కావాలంటే మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే ఉచితంగా దొరికే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ ఉంది. మార్క్ రస్సినోవిచ్ చేసిన ఆ టూల్‌ని 2006లో మైక్రోసాఫ్ట్ తీసుకుంది. అందులో కంట్రోల్ ఎఫ్ నొక్కి పేరు కొడితే చాలు. మైక్రోసాఫ్ట్ వాళ్ళదే పవర్‌టాయ్స్ అనే ఉచిత టూల్స్ సెట్ వేసుకుంటే ఇంకా సులువు. ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తే ఫైల్ లాక్‌స్మిత్ అని వస్తుంది, పేరు అక్కడే చూపిస్తుంది.

ఒక్కటే నియమం. మెసేజ్ వచ్చిన వెంటనే చూడాలి. టీ తాగి వచ్చి చూస్తే ఫైలు వదిలేసి ఉంటుంది, ఏమీ దొరకదు. రిసోర్స్ మానిటర్ ముందే తెరిచి కింద ఉంచుకుని డిలీట్ కొట్టండి. కంప్యూటర్ పక్కన ఒక కాగితం పెట్టుకుని ప్రతిసారీ టైము, ఫైలు పేరు, మెసేజ్‌లో ఉన్న మాటలు యథాతథంగా, దొరికిన ప్రోగ్రామ్ పేరు రాయండి. పక్క గది అబ్బాయి ఉన్నాడా లేదా అన్నది కూడా. నాలుగైదు ఎంట్రీలు అయ్యేసరికి మీకే తెలిసిపోతుంది.

ఆ అన్‌లాకర్‌ని మాత్రం తీసేయండి. పట్టుకున్న చెయ్యి ఎవరిదో చూడకుండా బకెట్ లాగితే సాంబారు ఎవరి మీద పడిందో మీరే చూశారు. ఒక ప్రోగ్రామ్ ‘ఈ ఫైలు నా దగ్గర ఉంది’ అనుకుని చదువుతుండగా దాని హ్యాండిల్ బలవంతంగా మూసేస్తే, ఆ ప్రోగ్రామ్ కుప్పకూలచ్చు, రాస్తున్న ఇంకో ఫైలు సగంలో ఆగిపోవచ్చు. ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో కూడా హ్యాండిల్ మూసే వీలుంది, దాన్నీ వాడకండి. పేరు చూసి, ఆ ప్రోగ్రామ్‌ని పద్ధతిగా మూయండి. పైగా ఉచిత అన్‌లాకర్ల పేరుతో నెట్‌లో దొరికేవాటిలో కొన్నిటితో అడగని సాఫ్ట్‌వేర్ కూడా దిగుతుంది. వైరస్ అనుమానం తీరాలంటే ఫార్మాట్ కాదు, విండోస్ సెక్యూరిటీలో ఫుల్ స్కాన్ ఒకటి రాత్రి పెట్టి పడుకోండి. యాంటీవైరస్ కూడా కొత్తగా కాపీ చేసిన పెద్ద వీడియోని తనిఖీ చేస్తూ కాసేపు పట్టుకుంటుంది. అదీ దానంతట అదే వదులుతుంది.

కొన్ని ఫైళ్ళు ఎప్పుడు చూసినా పోకపోతే అది వేరే జాతి సమస్య. పాత విండోస్ ఉన్నప్పటి ఫైళ్ళకి ఓనర్ పాత అకౌంట్ పేరుతో ఉండిపోయి ‘యాక్సెస్ డినైడ్’ రావచ్చు. లేదంటే పేరు పొడుగు. విండోస్ మామూలుగా డ్రైవ్ అక్షరం నుంచి ఫైలు పేరు చివరిదాకా మొత్తం దారిని 260 అక్షరాల లోపు ఉండాలంటుంది. ఇంగ్లిష్‌లో అది పెద్ద హద్దే. తెలుగులో పేర్లు పెట్టేవాళ్ళకి త్వరగా అయిపోతుంది. మన కంటికి ‘శ్రీ’ ఒక అక్షరం. కంప్యూటర్ లెక్కలో శ, వత్తు గుర్తు, ర, గుడి దీర్ఘం కలిపి నాలుగు. వధూవరుల పూర్తి పేర్లు, తేదీ, ఊరు అన్నీ ఫోల్డర్ పేరులో రాసి, దాని లోపల మళ్ళీ నాలుగు ఫోల్డర్లు పెడితే లోతుగా ఉన్న ఫైళ్ళు కొన్ని పోవు, పైనున్నవి పోతాయి. అది కూడా యాదృచ్ఛికంగా జరుగుతున్నట్టే కనిపిస్తుంది. పై ఫోల్డర్ పేరు రెండు అక్షరాలకు కుదించి, అప్పుడు డిలీట్ కొట్టండి.

ఇంతదాకా చెప్పినవి ప్రమాదం లేనివి. ఒక్కటి మాత్రం నిజంగా భయపడాల్సింది, అది డిస్కు. ఫైలు పోనప్పుడు సిస్టమ్ మొత్తం నిమిషాల తరబడి బిగుసుకుపోతోందా? అదే ఫైలు కాపీ చేయబోతే కూడా మధ్యలో ఆగుతోందా? డిస్కు నుంచి టిక్ టిక్ అని వినిపిస్తోందా? ఇందులో ఏ ఒక్కటి ఉన్నా థంబ్‌నెయిల్ సంగతులు పక్కన పెట్టండి. విండోస్ తనలో జరిగినవి రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి విండోస్ లాగ్స్, సిస్టమ్‌లో చూడండి. డిస్క్ అన్న సోర్స్‌తో 7, 51 లేదా 153 నంబర్లు, ఎన్‌టీఎఫ్‌ఎస్ అన్న సోర్స్‌తో 55 నంబర్ ఉన్నాయా? 7 అంటే చదవడానికి రాని చోటు తగిలిందని. 153 అంటే చదవడమో రాయడమో మొదటిసారి కుదరక మళ్ళీ ప్రయత్నించిందని. 55 అంటే ఫైళ్ళ పట్టికలోనే తేడా ఉందని. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత టూల్‌లో డిస్కు ఆరోగ్యం కనిపిస్తుంది. 05, సీ5 వరుసల్లో లెక్క సున్నా నుంచి పెరుగుతుంటే డిస్కు మార్చే టైమ్ వచ్చినట్టు. సీ7 ఒక్కటే పెరుగుతుంటే ముందు డిస్కుని కంప్యూటర్‌కి కలిపే సాటా కేబుల్ మార్చి చూడండి, చాలాసార్లు కొద్ది ఖర్చుతో పోయే రోగమది.

ఇక్కడ క్రమం ముఖ్యం. డిస్కు మీద అనుమానం వస్తే డ్రైవ్ ప్రాపర్టీస్‌లో ఉండే చెక్ బటన్ నొక్కడం రెండో పని. మొదటి పని కాపీ. అరిగిపోతున్న డిస్కుని మొత్తం తనిఖీ చేయించడమంటే జ్వరంతో ఉన్న మనిషిని పరిగెత్తించడమే. ఆ పరుగులో ఉన్నది కూడా పోవచ్చు. మొదట్లోనే కాపీ పెట్టమన్నది అందుకే. ఆ కాపీ ఎక్కడా ఆగకుండా పూర్తయితే అదే మీ డిస్కుకి మంచి సర్టిఫికెట్.

షాపువాళ్ళు ఫార్మాట్ చేశాక అదే కోడెక్ ప్యాక్, అదే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, అదే షేరింగ్ మళ్ళీ వస్తాయి కదా. నెల తిరిగేసరికి ఇదే ఉత్తరం మళ్ళీ రాయాల్సి వస్తుంది. వారం పాటు థంబ్‌నెయిల్స్ ఆపి, ఆ కాగితం మీద రాసి చూడండి. అప్పటికీ పోకపోతే ఆ కాగితం ఫొటో తీసి పంపండి, ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో చూసి మళ్ళీ రాస్తాను. ఈలోగా ఏ పెళ్ళి ఫోల్డర్ డిలీట్ చేయబోయినా, పార్టీకి ఇచ్చిన పెన్‌డ్రైవ్ వాళ్ళ టీవీలో చివరిదాకా ఆడిందని ఫోన్ చేసి కనుక్కున్నాకే చేయండి.